మూడు రోజుల మౌనం

నమోదు 1

లిస్టు కాపలాదారు రోజూ ఏదో ఒకటి రాసిపెట్టాలని నియమం. దీన్ని ఎవరూ చదవరని నాకు తెలుసు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

నా కుడి చెవి వాచింది. కారణం ఊపిరి లిస్టు. ఊపిరి అంటే మా రాతి ఊళ్ళో గాలి తలుపులను తెరిచి మూసే ప్రోగ్రాం. ఓపెన్ సోర్స్, అంటే దానికి యజమాని లేడు. ఎవరైనా మార్పు రాయొచ్చు, ఎవరైనా తప్పు పట్టొచ్చు. ప్రతి మార్పూ, ప్రతి తప్పూ మెయిల్‌గా లిస్టుకు వస్తుంది. మెయిల్ వచ్చినప్పుడల్లా చెవిలో గవ్వ ఒకసారి అదిరి, దాన్ని చదివి వినిపిస్తుంది, నోటితో బదులు చెబితే మెయిల్‌గా రాసి పంపుతుంది. పోనీ గవ్వ తీసేద్దామంటే కుదరదు. పంకాల హోరును ఆపేది అదే, ఎదుటి మనిషి గొంతును ఆ హోరులోంచి ఏరి చెవిలో వేసేదీ అదే. కొండ కడుపులో బతికేవాళ్ళకు గవ్వ లేకపోతే చెవుడే.

ఇవాళ పళ్ళు తోముకుంటుండగా తూర్పు వాడ తలుపు కీచుమంటోందని ఒక మెయిల్ వచ్చింది. దాన్ని కీచు అనాలా, కిర్రు అనాలా అని నోరు కడుక్కునేలోపు ఓ నలభై వచ్చాయి. ఈ చర్చ ఆపండి అని ఇంకో అరవై. ఆపమని చెప్పడం కూడా ఆపండి అని నేనొకటి పంపాను. నాకు ఎవరూ జవాబివ్వలేదు. కాపలాదారు మెయిల్‌కు ఎవరు మాత్రం జవాబిస్తారు?

పక్క బల్ల దగ్గర హరనాథ్ కూర్చుంటాడు. అతనూ కాపలాదారే. మధ్యాహ్నం ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి అలాగే ఆగిపోయాడు.

"సువర్చల గారూ, దీనికేదో ఒకటి చెయ్యండి. రాత్రి మా పాప పాట పాడిందండీ. అయ్యాక ఎలా ఉంది నాన్నా అనడిగింది. ఏం పాడిందో నాకు తెలీదు. పాట పొడుగునా మెయిళ్ళే" అన్నాడు.

నవ్వేశాను గానీ, అతని మొహం చూసి జాలేసింది.

నమోదు 4

జల్లెడ రాశాను. పెద్ద విద్యేమీ కాదు. ఎవరి మెయిళ్ళకు జవాబులు రావో, వాళ్ళ మెయిళ్ళను గవ్వ దాకా రానివ్వదు. నలుగురూ పట్టించుకోని మాట నా చెవిన పడకపోతే కొంపేమీ మునగదు కదా అన్నదే లెక్క. కొత్త మనిషి మొదటి మెయిల్‌ను మాత్రం అందరికీ చేరవేస్తుంది. ఆ మనిషి సంగతి దానికింకా తెలియదు కాబట్టి.

పద్ధతి ప్రకారం లిస్టులో ప్రతిపాదన పెట్టాను. మూడు రోజులపాటు ఎవరూ ఏమీ అనకపోతే ఏ మార్పయినా దానంతటదే ఊపిరిలోకి వెళ్ళిపోతుంది. ఎవరైనా ఒక్క ముక్క అంటే, అది ఉత్త ప్రశ్నే అయినా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. ఊపిరికి సగాలూ పావులూ తెలియవు.

మూడు రోజులూ ఒక్కరూ కిక్కురుమనలేదు. జల్లెడ ఊరందరి గవ్వల్లోకీ చేరింది. నచ్చి ఊరుకున్నారో, మెయిళ్ళ గుట్టలో అసలు చూడనే లేదో. ఏదైతేనేం, నా చెవికి పండగ.

నమోదు 9

వాపు దిగింది. నీళ్ళ కుండ నిండుతుంటే ఆ చప్పుడు విని, ఇదేమిటా అని ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్ళయిందో విని. హరనాథ్ బెల్లం ముక్క తెచ్చిపెట్టి, "మా పాప పాట మొత్తం విన్నానండీ. గొంతేం బాగాలేదు గానీ విన్నాను" అన్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు.

ఉత్తర వాడ నుంచి ఎవరో జల్లెడను ఇంకాస్త పెంచుతూ ప్రతిపాదన పెట్టారు. మెయిళ్ళే కాదట, మాట్లాడినా ఎవరూ బదులివ్వని మనుషుల గొంతులను కూడా గవ్వ ఏరకుండా వదిలేయాలట. వాడల మధ్య తలుపులు మనిషిని గొంతుబట్టే పోల్చుకుంటాయి కనుక వాటిక్కూడా ఇదే లెక్క పెట్టాలట. ఒక ప్రశ్న అడుగుదామనుకున్నాను. కాపలాదారునై ఉండి నేనే గుట్ట మీద మరో మెయిల్ వేయడమెందుకని ఊరుకున్నాను. అందరూ అలాగే అనుకున్నట్టున్నారు, ఎవరూ ఏమీ అనలేదు. అదీ వెళ్ళిపోయింది.

నమోదు 15

గింజల కిటికీ దగ్గర ఒక పెద్దాయన నోరు తెరిచి మూస్తున్నాడు. చప్పుడు లేదు. ఎవరినైనా ఆట పట్టిస్తున్నాడేమో అనుకున్నాను. కిటికీ లోపలి అమ్మాయి ఆయన్ని దాటుకుని వెనక నిలబడ్డ నన్ను చూసి, "చెప్పండి, ఎంత కావాలి?" అంది. ఆయన చేతులూపాడు, కిటికీ చెక్క మీద కొట్టాడు. ఆ చప్పుడు వినిపించింది. గొంతు మాత్రం లేదు. మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి, అంటే అరుస్తున్నాడన్నమాట.

గవ్వ తీసేశాను. హోరు మీద పడింది. దాని అడుగున ఎక్కడో ఆయన గొంతు.

"అమ్మా, మాది పడమటి వాడ! మా తలుపు తెరుచుకోట్లేదు! నిన్ననగా వచ్చాను, ఇంటికి పోనివ్వట్లేదు!"

పడమటి వాడంటే మా త్రిపుర వదిన ఉండే చోటు. మా అన్నయ్య పోయాక కూడా ఆ పుట్టగొడుగుల మళ్ళు వదిలి రానని అక్కడే ఉండిపోయింది. పంకాలకు దూరం కాబట్టి ఆ వాడలో హోరుండదు, అందుకని వాళ్ళెవరూ గవ్వ పెట్టుకోరు. లిస్టులో ఉండరు. అందుకే వాళ్ళకు ఎవరైనా బదులిచ్చినా అది జల్లెడ లెక్కలోకి రాదు. పది పన్నెండు గడపలుంటాయేమో.

పెద్దాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. తలుపు ముందు నా పేరు చెబితే కాసేపు ఆలోచించి తెరుచుకుంది. ఆ తలుపు అంతకుముందెప్పుడూ ఆలోచించేది కాదు.

వదిన తట్టలో పుట్టగొడుగులు కోస్తోంది. జరిగింది చెప్పి, ఇలాగైతే ఊరు మిమ్మల్ని మరిచిపోతుంది, లిస్టులో చేరు వదినా అన్నాను. జల్లెడ పుట్టకముందు నేను వాడిన పాత గవ్వ ఆవిడ చెవికి పెట్టాను. నిమిషమైనా ఉంచుకోలేదు.

"అమ్మో, ఏవిటే ఈ గోల! ఒకడి మీద ఒకడు పడి మాట్లాడతాడేవిటి? ఎవరికని బదులు చెప్పను?"

"అందరికీ చెప్పక్కర్లేదు వదినా. నీకు కావలసినదానికి చెబితే చాలు."

"పలకరించినవాళ్ళకి బదులు చెప్పకపోతే బావుంటుందా? మా ఇంటా వంటా లేదు." గవ్వను కొంగున ముడేసుకుంది. "ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్లేదు. నువ్వడిగావని ఉంచుతున్నా. అవసరమైనప్పుడు పెట్టుకుంటాలే."

పుట్టగొడుగులు పొట్లం కట్టి ఇచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. వచ్చే వారం అన్నాను.

నమోదు 21

హరనాథ్ ప్రతిపాదన పెట్టాడు. పడమటి వాడ నుంచి గొంతు వినపడి చాలా రోజులైంది, అక్కడ ఎవరూ లేనట్టుంది, ఖాళీ వాడకు గాలి దండగ కాబట్టి ఆ గాలి తలుపు మూసేద్దాం అని. పద్ధతిగా, మర్యాదగా రాశాడు. గాలి పొదుపు చేయడం అతని పనే.

వెంటనే అభ్యంతరం అని మెయిల్ పంపాను. తర్వాత అతని వైపు తిరిగి నోటితోనే చెప్పాను. "హరనాథ్, అక్కడ మనుషులున్నారయ్యా. మా వదిన ఉంది."

అతను తల ఎత్తలేదు. మళ్ళీ చెప్పాను. అరిచాను. గోళ్ళు కొరుక్కుంటూ ఏదో చదువుకుంటున్నాడు.

అప్పుడు మెయిళ్ళ మూట విప్పి చూశాను. జల్లెడకు ముందు అన్నీ పడే చోటు అది, కాపలాదారులకే కనిపిస్తుంది. నేను పంపినవన్నీ అక్కడే ఉన్నాయి. జవాబులు క్లుప్తంగా రాయండి, పాత మెయిల్ మొత్తం అతికించకండి, దయచేసి వాదులాడుకోకండి. ఎవరూ ఎప్పుడూ బదులివ్వని మెయిళ్ళు. జల్లెడ తన లెక్క తను చేసుకుంది, మెయిల్‌కూ గొంతుకూ కలిపి ఒకటే లెక్క. ఎవరికీ చేరని మెయిల్ ఊపిరి దృష్టిలో పలికినట్టే కాదు. నా అభ్యంతరం మౌనంలోనే కలిసిపోయింది.

సుద్దముక్క తీసుకుని అతని బల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాను. అతను చూపు పక్కకు తిప్పుకుని చేత్తో తుడిచేశాడు. అతన్ని అని లాభం లేదు. జల్లెడ ఆపినదాన్ని చదవడం ఎంగిలి తిన్నట్టేనని ఇప్పుడు పిల్లలకు కూడా చెబుతున్నారు. ఆఖరికి అతని చెవిలోంచి గవ్వ లాగాను. హోరుకు కెవ్వుమని అరిచి, రెండు చెవులూ మూసుకుని కింద కూర్చున్నాడు. తర్వాత గవ్వ వెతుక్కుని పెట్టుకుని, బల్ల ఈడ్చుకుంటూ గది ఆ చివరికి వెళ్ళిపోయాడు. నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేను.

నమోదు 22

పడమటి వాడ తలుపు నా పేరు వినలేదు. ఎన్నిసార్లు చెప్పినా రాయి రాయిలాగే ఉంది. ఆ తలుపులకు చేతిపిడి ఉండేది ఒకప్పుడు. అనవసరమని ఎవరో ప్రతిపాదించి తీయించేశారు.

తిరిగొస్తూ బజారులో గవ్వ తీసి నడిచాను. ఎందుకు తీశానో తెలియదు, ఇంకెవరైనా ఉన్నారేమో చూద్దామని కావచ్చు. హోరు అడుగున బోలెడు గొంతులున్నాయి. ఒకావిడ టమాటాలు ఎంత అని అడుగుతోంది. మళ్ళీ అదే అడుగుతోంది, అదే గొంతుతో. గోడకు ఆనుకుని ఒకాయన ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. నా పక్క నుంచే ఒకతను తన గోడు చెప్పుకుంటూ వెళ్ళిపోయాడు, నన్ను చూడలేదు. పలకరించాను. అతని చెవిలో గవ్వ ఉంది. నా గొంతు అతనికి చేరలేదు, అతని గొంతు ఊరికి చేరదు. మా జల్లెడ కింద ఇంత జనం ఉన్నారని నాకు తెలియదు. భయమేసి గవ్వ పెట్టేసుకున్నాను. బజారు మళ్ళీ ప్రశాంతంగా అయిపోయింది.

కొత్త పేరుతో రాసి చూశాను. గవ్వ చెవిని బట్టి మనిషిని పోల్చుకుంటుంది. పేరు మార్చినా చెవి మారదు కదా.

మిగిలింది వదినే. ఆవిడ దగ్గరున్న గవ్వకు జల్లెడ లేదు, నా మెయిళ్ళు వినిపిస్తాయి. ఆవిడ ఇంతవరకూ ఒక్క మెయిల్ పంపలేదు కాబట్టి మొదటిది ఊరంతా వింటుంది. లిస్టుకు ఇలా రాశాను. "వదినా, నేను సువర్చలను. గవ్వ పెట్టుకో. హరనాథ్ అనే అతను పడమటి వాడ గాలి గురించి మెయిల్ పెట్టాడు. దానికి జవాబియ్యి. మేమున్నాం అని ఒక్క మాట చాలు." అదే మళ్ళీ మళ్ళీ పంపాను. వదినకు తప్ప ఈ లోకంలో ఎవరికీ వినపడని మెయిళ్ళు.

జవాబు లేదు. గవ్వ ఇంకా కొంగు ముడిలోనే ఉండి ఉంటుంది.

నమోదు 23

నిద్ర పట్టలేదు గానీ బుర్ర పనిచేసింది.

నా అభ్యంతరం ఎవరికీ చేరదు కాబట్టి చెల్లదు. కానీ ప్రతిపాదన సంగతి వేరు. అది నేరుగా ఊపిరికే వెళ్తుంది, మనుషులకు పోయేది దాని నకలు మాత్రమే. నకలును జల్లెడ ఆపేస్తే ఎవరూ చూడరు. చూడకపోతే ఎవరూ ఏమీ అనరు. మూడు రోజులు గడిస్తే చాలు. నోరు లేనివాళ్ళు అడ్డు చెప్పలేరు గానీ, ఏం కావాలంటే అది చేయించుకోగలరు. ఇది తట్టగానే మూట విప్పి, ఈ మధ్య ఊపిరిలోకి వెళ్ళిన మార్పులు చూశాను. సగానికి పైగా జల్లెడ కిందివాళ్ళు పెట్టినవే. ఒక వాడలో దీపాల రంగు మారింది. ఒక మెట్లదారి ఎందుకో మూసుకుపోయింది. ఈ ఊరిని ఎవరు నడుపుతున్నారో ఇక్కడ ఎవరికీ తెలియదు.

దాని గురించి తర్వాత ఆలోచిస్తాను. పడమటి వాడ గాలి తలుపు తెరిచే ఉంచాలి, మూసి ఉంటే తెరవాలి అని ప్రతిపాదన పెట్టాను. హరనాథ్‌ది నాకంటే ముందు పెట్టినది కాబట్టి ముందు తలుపు మూసుకుంటుంది, తర్వాత నాది వెళ్ళి తెరుస్తుంది. ఆ మధ్య కాలానికి వాడలో నిలవ ఉన్న గాలి సరిపోతుంది, బొటాబొటిగా. లెక్క మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాను.

ఇన్నాళ్ళూ ఒక్కరైనా బదులిస్తే బాగుండుననుకున్నాను. ఇప్పుడు ఎవరూ పలక్కూడదని దేవుడికి దండం పెడుతున్నాను. హరనాథ్ నా వైపు తల తిప్పితే నేనే మొహం పక్కకు తిప్పేసుకుంటున్నాను.

నమోదు 25

గాలి తలుపు మూసుకుంది. పడమటి వాడ గోడకు అరచెయ్యి ఆనిస్తే ఎప్పుడూ సన్నగా అదురు తెలిసేది. అది ఆగిపోయింది. హరనాథ్ టీ తాగుతూ పొదుపు ఎంతయిందో చూసి మెచ్చుకోలుగా తలూపుకున్నాడు. అతనికి ఒక్క చెంపదెబ్బ ఇవ్వాలనిపించింది. అతని పాప పాట గుర్తొచ్చి చెయ్యి రాలేదు.

నా ప్రతిపాదన మీద ఎవరూ మాట్లాడలేదు. ఇంకొక్క పూట.

నమోదు 26

పడమటి వాడ తలుపు దగ్గరే కూర్చుని ఇది రాస్తున్నాను.

నా ప్రతిపాదనకు గంటలోపే గడువు తీరుతుందనగా చెవిలో గవ్వ అదిరింది. కొత్త మనిషి మొదటి మెయిల్. ఊరంతా వినే మెయిల్.

"సువర్చలా, నువ్వు బదులియ్యమన్నావుగా, ఇస్తున్నాను. గవ్వ పెట్టుకునేసరికి బుర్ర తిరిగిపోయిందే తల్లీ, వెయ్యిమంది మాట్లాడుతున్నారు. అందులో నీ పేరొక్కటే తెలిసిన పేరు, వెతికి పట్టుకున్నాను. పొద్దుట్నించీ ఇక్కడ గాలి ఆడట్లేదు, అందరికీ ఆయాసంగా ఉంది. వచ్చే వారం వస్తానన్నదానివి రాలేదేం?"

అది హరనాథ్ మెయిల్‌కు ఇచ్చిన జవాబు కాదు. నా ప్రతిపాదనకు ఇచ్చిన జవాబు. దాంతో నా మౌనం చెడింది. మూడు రోజులు మళ్ళీ మొదలు. వాడలో గాలి ఇవాళ్టి దాకానే వస్తుంది.

ముందు అరిచాను. తర్వాత ఆశ కలిగింది. గాలి ఆడట్లేదని రాసింది కదా, అందరూ విన్నారు కదా, ఎవరో ఒకరు కదులుతారు. కదిలారు. ఊరు ఊరంతా కదిలింది. కొత్త మనిషి వచ్చి ఎన్నాళ్ళయిందో. స్వాగతం అమ్మా. స్వాగతం పిన్నిగారూ. ఎంత చక్కగా రాశారండీ. తూర్పు వాడ నుంచి స్వాగతం. మీ రాకతో లిస్టుకు కళొచ్చింది. హరనాథ్ కూడా పంపాడు. "స్వాగతమండీ. గాలి ఇబ్బందని రాశారు. మీది ఏ వాడో చెబితే ఇప్పుడే చూస్తాను." మంచివాడు. పడమటి వాడ అని ఆవిడ నోట ఒక్క మాట వింటే చాలు, పరిగెత్తుకొస్తాడు. కానీ అతని మెయిల్ వరసలో ఎక్కడో వెనక పడింది. దాని ముందు వందల స్వాగతాలున్నాయి. గవ్వ వాటిని వచ్చిన వరసలోనే చదువుతుంది.

వరస దాటేసెయ్ వదినా, మీ వాడ పేరు చెప్పు అని రాశాను. అదీ ఆ వరస చివరకే వెళ్ళి నిలబడింది. వదిన ఇచ్చిన ఒక్క జవాబుతో జల్లెడ లెక్క మారలేదు, మిగతా ఎవరికీ నా మెయిల్ చేరలేదు.

వదిన బదులిస్తోంది. ఒక్కొక్కరికీ ఇస్తోంది. "సంతోషం నాయనా." "చల్లగా ఉండు తల్లీ." "మీ ఇంట్లో అందరూ కులాసానా?" పలకరించిన మనిషిని వదిలేసి ముందుకెళ్ళడం ఆవిడకు చేతకాదు. ఇన్ని జవాబులు తెచ్చుకున్న మనిషిని జల్లెడ ఆపదు, ప్రతి మాటా అందరికీ చేరుతోంది. ఆవిడ బదులివ్వగానే వాళ్ళు మురిసిపోయి ఇంకొకటి పంపుతున్నారు. వరస పెరుగుతోంది.

నేను రాతిని కొడుతున్నాను. చేతులు చితికిపోయాయి. దారిన పోయేవాళ్ళు గవ్వలో వదిన మాటలు విని నవ్వుకుంటూ నన్ను దాటిపోతున్నారు. ఎంత మంచావిడో అని ఒకావిడ పక్కావిడతో అంది. ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

ఇందాకటి నుంచి జవాబుకూ జవాబుకూ మధ్య ఎడం ఎక్కువవుతోంది. మాటలు పొట్టివవుతున్నాయి. మూటలో చూశాను, ఇంకా ఉత్తర వాడ వాళ్ళ స్వాగతాల దగ్గరే ఉంది. హరనాథ్ ప్రశ్న చాలా దూరంలో ఉంది.

ఇప్పుడే వచ్చిన మెయిల్‌లో "సంతో" అని మాత్రమే ఉంది. దానికి మూడు స్వాగతాలు వచ్చాయి.